నగరసౌందర్యము – నివాసధర్మము

ఇంటి ముంగిట కల్లాపి చల్లి ముగ్గు పెట్టుట మన యాచారము. ముగ్గు పెట్టువారు ఆ యింటివారే. చూచి సంతసించువారును వారే, వారి యిరుగుపొరుగువారే. నగరమును తీర్చిదిద్దుట అట్టిది కాదు. నిర్ణయించువారొకరు, కట్టువారొకరు, కాపురముండువారు మఱియొకరు. కావుననే నగరసౌందర్యము వాస్తువిషయము మాత్రమే కాక ధర్మవిషయమును అగుచున్నది. వీథిని సుందరము చేయుటకై ఆ వీథివారిని తొలగించుట న్యాయమా? ముంబయిలో తరతరములుగా నున్న మన తెలుగువారికిది పుస్తకములలోని ప్రశ్న కాదు. నిజాము రాజ్యమునుండి వచ్చి ఈ నగరమున కట్టడపు పనులు చేసిన కామాఠీల పేరనే కామాఠిపుర మేర్పడినది. మగ్గము విడిచి వచ్చిన పద్మశాలీలు పరేలు, వరళి ప్రాంతముల మిల్లులలో పనిచేసిరి. నగరమును కట్టిన చేతులకు ఆ నగరమున చోటెంత యన్నదే మన ప్రశ్న.

1896లో ఈ నగరమున ప్లేగు చెలరేగినది. 1898లో నగరాభివృద్ధి ట్రస్టు ఏర్పడినది. ఇరుకు పేటలకు గాలియు వెలుతురును కలుగజేయవలెనన్న దాని ఉద్దేశము మంచిదే. విశాలమైన వీథులు వెలసినవి. కాని కూల్చిన యిండ్లలోని వారికందఱికిని కొత్త గదులు దొరకలేదు. వారు పొరుగు పేటలలో తలదాచుకొనగా అచ్చట ఇరుకు పెరిగినది. ఒక వీథి అందము మఱియొక వీథికి భారమైనది.

అట్లని పాతదెల్ల పవిత్రమనుటయు పొరపాటే. 1920 తరువాతి సంవత్సరములలో కట్టిన బి.డి.డి. చాళ్లలో కుటుంబమునకు దొరకినది దాదాపు 160 చదరపు అడుగుల గది, మరుగుదొడ్లు ఉమ్మడివి. వరండాలోని సఖ్యమును కొనియాడుచు, తెల్లవారుజామున మరుగుదొడ్డి యెదుట వరుసలో నిలిచిన ముసలమ్మను మఱచుట ధర్మము కాదు. ఆమెకు మంచి యిల్లు కావలెను. అయితే ఆ యిల్లు తన వారికిని, తన పనికిని దూరము కారాదు.

1985లో ఓల్గా టెల్లిస్ వ్యాజ్యమున సుప్రీము కోర్టు, జీవనోపాధి హక్కు జీవించు హక్కులో భాగమేనని తీర్పు చెప్పినది. పాదపథమును ఆక్రమించుకొను హక్కును మాత్రము అంగీకరింపలేదు. మనిషి యెచ్చట నుండునో అచ్చటనే వాని కూడును ముడివడియుండునని ఆ తీర్పు గుర్తించినది. రాజ్యాంగమునకు 1992లో జరిగిన 74వ సవరణ పురపాలక సంఘములకు అప్పగింపదగిన 18 విషయములను పేర్కొన్నది. అందు మురికివాడల మెరుగుదలయు, ఉద్యానములును, సౌందర్యాభివృద్ధియు ఒకే పట్టికలో నున్నవి. ఒకదానిని బలిపెట్టి మఱియొకదానిని సాధింపుమని ఆ పట్టిక చెప్పలేదు.

వరళి చాళ్ల పునర్నిర్మాణమున 2025 ఆగస్టులో 556 కుటుంబములకు, 500 చదరపు అడుగుల యిండ్ల తాళపుచెవులు అందినవి. ఆ యిండ్లు పాత పేటలోనే, యాజమాన్యపు హక్కుతో లభించుట కొనియాడదగినది. కాని ధర్మపరీక్ష తాళపుచెవితో ముగియదు. ఎత్తైన కట్టడమున లిఫ్టునకును, నీటికిని, కాపలాకును నెలనెల చెల్లింపులుండును. ఆ భారము మోయలేక యిల్లమ్ముకొని పోవలసివచ్చినచో, పంపివేసినవాడు కానరాకుండగనే ఆ కుటుంబము పంపివేయబడినట్లే.

ఇందు మన కర్తవ్యమును కలదు. పునర్నిర్మాణమున హక్కు లభించుట కాగితముపై నున్న పేరునుబట్టి. మన పేరున్నదని తృప్తిపడి, మన గదిలోనో ప్రక్క గదిలోనో అద్దెకుండిన వంటమనిషిని, చుట్టమును ఆశ్రయించి బ్రతికిన వితంతువును మఱచినచో, ప్రభుత్వమును నిందించుటకు మనకెట్టి యధికారమున్నది? రశీదులు సమకూర్చుటయందును, అర్జీలు వ్రాయుటయందును, మరాఠీలోని ప్రకటనలను చదివి చెప్పుటయందును అక్షరజ్ఞానము గలవారు తోడ్పడవలెను. మన సంఘములకు ఉత్సవముల వలెనే ఇదియు విధియే.

వీథి యెంత అందముగా నున్నదని చూచుటకు ముందు, అచ్చట నిన్నటివారున్నారా యని చూతము. వారున్నచో ఆ నిర్మాణము అభివృద్ధి. లేనిచో స్థలము చేతులు మారినది, అంతియే.