కాదనలేని వాళ్ళని అడగడం

మా కుక్క పేరు బెల్లం. రంగుని బట్టి మా ఆవిడ పెట్టిన పేరు. జాతి అంటూ ఏమీ లేదు, ఇప్పటి భాషలో ఇండీ. 2020 లాక్‌డౌన్లో మా అపార్ట్‌మెంట్ సెల్లార్లో పుట్టిన నాలుగు పిల్లల్లో మిగిలింది ఇదొక్కటే. అప్పట్లో బయటికెళ్ళే పని లేదు, ఇంట్లో ఎప్పుడూ మనుషులుండేవాళ్ళు, కుక్కని పెంచడం చాలా తేలిక అనిపించింది. ఆఫీసులు తెరిచాక, ప్రయాణాలు మొదలయ్యాక తెలిసింది అసలు సంగతి.

ముఖ్యంగా సంక్రాంతికి. మేముండేది నిజాంపేటలో. హైదరాబాద్‌కి ఈ మూల గోదావరి జిల్లాల వాళ్ళం ఎంతమందిమి ఉన్నామో పండగ వారం చూస్తే అర్థమవుతుంది. మా నలభై ఫ్లాట్లలో ముప్పైకి పైగా తాళాలే. పంతంగి టోల్ గేట్ దగ్గర మా అపార్ట్‌మెంట్ వాళ్ళే ఒకరికొకరు కనబడి చేతులూపుకుంటారు. మా ఊరు పాలకొల్లు దగ్గర. కుక్కని తీసుకెళ్ళడం కుదరదు. కారులో మా అత్తగారూ మామగారూ కూడా వస్తారు, పైగా మా అమ్మ కుక్కని గడప దాటనివ్వదు. రైల్లో అయితే ఫస్ట్ ఏసీలో కూపే మొత్తం మనకే ఉండాలి, లేకపోతే గార్డు బోగీలో పెట్టెలో వెయ్యాలి. సంక్రాంతికి మామూలు బెర్తే దొరకదు, కూపే సంగతి సరే సరి. ఒకసారి రోజుకి ఎనిమిది వందలు చొప్పున బోర్డింగ్‌లో వదిలాం. నాలుగు రోజులకి గొంతు పోయేలా అరిచి, ఒంటినిండా పిడుదులతో తిరిగొచ్చింది. అదైంది ఆ ప్రయోగం.

అందుకని ఈ ఏడు వాచ్‌మన్ కుటుంబానికి అప్పజెప్పాం. వాళ్ళది శ్రీకాకుళం జిల్లా. సెల్లార్లో మెట్ల పక్కన ఒక గది, భార్యాభర్తలు, ఒక పిల్లాడు. బెల్లానికి ఆవిడంటే ప్రాణం, పుట్టినప్పటినుంచీ చూసిన మనిషి కదా. భోగి ముందురోజు కిందకెళ్ళి, "ఈ నాలుగు రోజులూ బెల్లాన్ని చూసుకోండమ్మా, మేత అంతా సంచిలో పెట్టాం" అన్నాను. "అలగే బాబూ, నాను సూసుకుంతాను, మీరెల్లి రండి" అంది. మొత్తం అర నిమిషం పట్టింది.

బయల్దేరే ముందు బెల్లం దగ్గర గొంతుక్కూచుని, నాలుగు రోజుల్లో వచ్చేస్తాం, ఏడవకు అని చెప్పాను. కుక్కలతో మాట్లాడే వాళ్ళందరూ చేసే పనే. కానీ సూర్యాపేట దాటేదాకా నాకదే తొలుస్తూ ఉంది. మాట ఇవ్వాలంటే ఇచ్చేవాడొక్కడే చాలడు, పుచ్చుకునే వాళ్ళు కూడా ఉండాలి. నాలుగు రోజులంటే ఏమిటో దానికి తెలీదు. దాని లెక్కలో నేను వెళ్ళిపోయాను, అంతే. అర్థం చేసుకోలేని ప్రాణికి నేనిచ్చిన మాటకి విలువేమిటి? ఇలాంటి ప్రశ్న వేసుకోగలిగినందుకు నా మీద నాకు కాస్త గౌరవం కూడా కలిగిందని ఒప్పుకోవాలి.

ఇక ఊళ్ళో సంగతి. కనుమ అంటే పశువుల పండగ. ఏడాదంతా చాకిరీ చేసినందుకు గొడ్లకి కొమ్ములు కడిగి, పసుపూ కుంకుమా పెట్టి, ఆ రోజు పని చెప్పకుండా ఉంచుతారు. కనుమనాడు కాకైనా కదలదని సామెత. మా వీధిలో ఇప్పుడు గొడ్లు లేవు, ట్రాక్టరుకి బొట్టు పెట్టారు. గారెలు, మాంసం మాత్రం అందరిళ్ళలో ఉన్నాయి. ఊరి చివర బరిలో బాదంపప్పులు తిని పెరిగిన పుంజులు కాళ్ళకి కత్తులు కట్టించుకుని పోట్లాడుతున్నాయి. మా పెదనాన్న కొడుకు పుంజుని పెంచే శ్రద్ధ చూస్తే, వాడు దాన్ని ప్రేమించడం లేదని అనలేం. రాత్రిళ్ళు లేచి చూసుకుంటాడు. దాన్నే తీసుకెళ్ళి బరిలో దింపుతాడు. ఈ రెండూ ఒక మనిషిలో ఎలా ఇముడుతున్నాయని నేను వాణ్ణి తీర్పు చెప్పే చూపు ఒకటి చూస్తూ ఉండగా ఫోను మోగింది.

వీడియో కాల్. వాచ్‌మన్ భార్య. "రెండ్రోజులై ముద్ద ముట్నేదు బాబూ. ఇప్పుడు సేప ఏసి కలిపితే నా సేతిలోంచి తింతంది, సూడండి." బెల్లం తింటోంది. మా అమ్మాయి ఎగిరి గంతేసింది. నాకు ప్రాణం లేచొచ్చింది. ఫోను కాస్త పక్కకి వాలినప్పుడు వెనక వాళ్ళబ్బాయి గుంజకి ఆనుకుని కూచుని కనిపించాడు. పండక్కి కొన్న చొక్కా కాబోలు, కొత్తదే వేసుకున్నాడు. సెల్లార్లో ట్యూబ్‌లైట్ కింద.

ఆ రాత్రి నిద్ర పట్టక మహాప్రస్థానిక పర్వం గుర్తు తెచ్చుకున్నాను. కుక్కలున్న వాళ్ళకి ధర్మరాజు కథ ఒక సర్టిఫికెట్ లాంటిది, మా అపార్ట్‌మెంట్ గ్రూపులో కనీసం ఐదారుసార్లు ఫార్వర్డ్ అయింది. స్వర్గద్వారం దాకా వెంట వచ్చిన కుక్కని వదిలేస్తేనే రథం ఎక్కనిస్తానంటాడు ఇంద్రుడు. నమ్మి వెంటొచ్చినదాన్ని వదలనంటాడు ధర్మరాజు. ఆ కుక్క సాక్షాత్తూ ధర్మదేవత. ఫార్వర్డుల్లో కథ ఇక్కడితో అయిపోతుంది. కానీ మధ్యలో ఇంద్రుడు ఒక మంచి ప్రశ్న అడుగుతాడు: ద్రౌపదినీ తమ్ముళ్ళనీ దారిలో వదిలేసి వచ్చావు కదా, ఈ కుక్క దగ్గరికొచ్చేసరికి ఏమిటీ పట్టుదల? నిజమే, ఒక్కొక్కళ్ళే పడిపోతుంటే ఆయన వెనక్కి తిరిగి కూడా చూడలేదు. ధర్మరాజు జవాబు ఏమిటంటే, వాళ్ళు చనిపోయారు, చనిపోయిన వాళ్ళకి నేను చెయ్యగలిగిందేమీ లేదు, బతికుండగా వాళ్ళని వదల్లేదు, ఇది బతికుంది.

లాజిక్ బాగానే ఉంది. కోడ్ రివ్యూలో అయితే పాస్ చేసేస్తాను. కానీ ఇంద్రుడి ప్రశ్నే నన్ను పట్టుకుంది. కుక్క గురించి ఇంత ఆలోచించిన వాడివి, దారిలో ఇంకెవరెవర్ని దాటుకుంటూ వచ్చావు?

కాంట్ అనే జర్మన్ తత్వవేత్త 18వ శతాబ్దంలో విద్యార్థులకి చెప్పిన నీతిశాస్త్ర పాఠాల్లో కుక్క ప్రస్తావన ఉంది. ముసలిదైన కుక్కని, ఇక పనికిరాదని యజమాని కాల్చేస్తే అది కుక్కకి చేసిన అన్యాయం కాదంటాడు. ఎందుకంటే ఆయన లెక్కలో జంతువుల పట్ల మనకి నేరుగా బాధ్యత లేదు. కానీ అలా చేసినవాడిలో మనుషుల పట్ల ఉండాల్సిన దయ కూడా మొద్దుబారుతుంది, కాబట్టి చెయ్యకూడదు. అంటే జంతువుల మీద దయ మనుషుల మీద దయకి ఒక రకమైన ప్రాక్టీసు. జంతువుల్ని అలా రెండో మెట్టు మీద కూచోబెట్టడం నాకెప్పుడూ నచ్చలేదు, దెబ్బ తగిలితే నొప్పి దానికి కాదా? కానీ ఆ రాత్రి నాకు తోచిన అభ్యంతరం వేరు. ఈ ప్రాక్టీసు నిజంగా పనిచేస్తుందా? నా విషయంలో తిరగబడింది కదా. కుక్కని అంత బాగా చూసుకుంటున్నాననే తృప్తి వల్లే, ఆ చూసుకునే మనిషి నాకు కనబడలేదు. అర్థం చేసుకోలేని కుక్కకి మాటిచ్చానని మధనపడ్డాను. కాదనలేని మనిషిని అడిగానని అనిపించలేదు. అసలు అడిగానా? చూసుకోండమ్మా అన్నాను. చూసుకుంటారా అనలేదు.

తిరిగొచ్చాక కవర్లో రెండు వేలు పెట్టి ఇచ్చాను. ఇక్కడ నా బుద్ధి గురించి ఒకటి చెప్పాలి. ఆవిడ వద్దంటుందని, ఎందుకు బాబూ అంటుందని, నేను బలవంతంగా చేతిలో పెట్టాలని ఒక సీను మనసులో సిద్ధంగా ఉంది. ఆవిడ తీసుకుంది. లెక్కపెట్టుకుని కొంగున కట్టుకుంది. నాకెందుకో చిన్నబుచ్చినట్టయింది. డబ్బులిచ్చి పని చేయించుకున్నాను, చేశారు, తీసుకున్నారు, ఇందులో తప్పేముంది? తప్పు లేదు. కాకపోతే నాకు పని కావాలి, ఆ పని ప్రేమతో చేశారన్న నమ్మకం కూడా కావాలి, రెండోదానికి ధర కట్టకూడదు.

తర్వాత ఆవిడే అంది: "వచ్చే పండక్కి మేం ఊరెల్తాం బాబూ. ఇప్పుడే సెప్పెత్తన్నాను. కుక్కకి ఇంకెవుల్నయినా సూసుకోండి."

తప్పకుండా వెళ్ళండి అన్నాను. ఎన్నాళ్ళయింది వెళ్ళి అని అప్పుడడిగాను. మూడు పండగలట. "మా మావ పోయి రెండేల్లు. పెద్దలకి గుడ్డలెట్టుకోడానికి కొడుకుండాల కదా."

ఉత్తరాంధ్రలో సంక్రాంతిని పెద్ద పండగ అంటారు. ఇంట్లో పోయిన పెద్దలకి కొత్తబట్టలు పెట్టి, వంటలు నైవేద్యం పెడతారు. చనిపోయిన వాళ్ళకి చెయ్యగలిగిందేమీ లేదన్న ధర్మరాజు మాట వాళ్ళింట్లో చెల్లదు. రెండేళ్ళుగా ఆ బట్టలు పెట్టాల్సిన మనిషి మా గేటు దగ్గర కుర్చీలో ఉన్నాడు. పండక్కే ఎందుకుండాలంటే, పండక్కే దొంగతనాల భయం ఎక్కువ. ఇళ్ళకి తాళాలేసి ఊళ్ళకెళ్ళేటప్పుడు జాగ్రత్త అని పోలీసులు కూడా ఏటా చెప్తుంటారు. మేమంతా వెళ్ళడం వల్లే ఆయన వెళ్ళలేడు. ఆరేళ్ళుగా ఆ ఇంట్లో ఉంటున్న నాకు ఇది ఒక్కసారీ తట్టలేదు.

నేను సాఫ్ట్‌వేర్ వాణ్ణి. మా టీమ్‌లో పండగ రోజుల ఆన్‌కాల్ ఎవరిదో నవంబర్లోనే తేలిపోతుంది. సంక్రాంతికి మా తెలుగువాళ్ళ డ్యూటీ బెంగాలీ కొలీగ్స్ తీసుకుంటారు, దుర్గా పూజకి వాళ్ళది మేం తీసుకుంటాం. పనిచేసిన రోజుకి బదులు సెలవుంటుంది. ఎక్కడో ఉన్న సర్వర్లకి ఇన్ని ఏర్పాట్లు తెలిసిన వాళ్ళం, గేటు దగ్గరికొచ్చేసరికి ఎప్పుడూ ఒకే మనిషి ఆన్‌కాల్.

మా అసోసియేషన్ మాట్లాడుకోని విషయం లేదు. లిఫ్టులో కుక్కలు ఎక్కొచ్చా లేదా అని మూడు నెలలు కొట్టుకున్నాం. 2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో వీధికుక్కలు నాలుగేళ్ళ పిల్లాణ్ణి చంపినప్పుడు గ్రూపు రెండుగా చీలిపోయింది. 2025 ఆగస్టు 11న ఢిల్లీ చుట్టుపక్కల వీధికుక్కలన్నిటినీ షెల్టర్లకి తరలించమని సుప్రీంకోర్టు అన్నప్పుడు ఒక వర్గం మిఠాయిలు పంచినంత పని చేసింది. 22న ఆ ఉత్తర్వు మార్చి, రేబిస్ ఉన్నవీ మీదపడేవీ తప్ప మిగతావాటిని ఆపరేషన్, టీకాలు అయ్యాక ఎక్కడివక్కడే వదలమన్నప్పుడు రెండో వర్గం పంచింది. 2023 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనలు వీధికుక్కల్ని కమ్యూనిటీ యానిమల్స్ అంటాయి, వాటికి తిండి పెట్టే ఏర్పాటు నివాసుల సంఘాల బాధ్యతే అంటాయి. ఆ పేరాని గ్రూపులో పెట్టి వాదించింది నేనే. మా బైలాస్ ప్రకారం ఓనర్లే సభ్యులు. సెల్లార్లో పుట్టిన కుక్క కమ్యూనిటీ యానిమల్, సెల్లార్లో ఉన్న కుటుంబం మాత్రం కమ్యూనిటీలో లేదు.

పోయిన నెల మీటింగ్‌లో ఈ విషయం లేవనెత్తాను. ఏజెన్సీ నుంచి నాలుగు రోజులకి వేరే గార్డుని పెడదాం అన్నాను. రెండు షిఫ్టులకీ కలిపి రోజుకి రెండు వేలు, మొత్తం ఎనిమిది వేలు, ఇంటికి రెండొందలు. బోర్డింగ్‌లో బెల్లానికి ఒక పూటకి అయిన ఖర్చు కూడా కాదు. డబ్బు గురించి ఎవరూ మాట్లాడలేదు. తెలియని గార్డుని నమ్మి అందరం ఇళ్ళు వదిలి వెళ్ళడమా అని ఒకాయన. ఈ మాట కొట్టిపారేసేది కాదు, నమ్మకం ఏజెన్సీలో దొరకదు. ఇప్పుడు అలవాటు చేస్తే ఉగాదికీ అడుగుతారని ఇంకొకాయన. అడిగితే ఏమవుతుందో ఆయన చెప్పలేదు. చివరికి, ఊరెళ్ళని ఇళ్ళవాళ్ళు వంతులేసుకుని కొత్త గార్డు మీద ఒక కన్నేసి ఉంచితే ఒప్పుకుంటాం అన్నారు. షీట్ ఒకటి చేసి గ్రూపులో పెట్టాను. నాలుగు రోజులు, ఎనిమిది వంతులు. ఇప్పటికి మూడు నిండాయి. ఒకటి నాలుగో అంతస్తులో ఉండే రిటైర్డ్ లెక్చరర్ గారిది. కుక్కలంటే గిట్టదాయనకి, లిఫ్టు గొడవలో నన్ను తిట్టినంత ఇంకెవరూ తిట్టలేదు.

మిగతా రెండూ మావే. మా ఆవిడ పేరు ఒకటి, నాది ఒకటి. అంటే ఈసారి పండక్కి మేం ఊరెళ్ళడం లేదు. అమ్మకి ఏం చెప్పాలన్నది ఇంట్లో రోజూ నడుస్తున్న చర్చ. కుక్క కోసం ఆగిపోయామంటే నవ్వుతుంది. వాచ్‌మన్ కోసం అంటే నమ్మదు. పైగా నాన్న పోయాక పండక్కి అమ్మ ఎదురుచూసేది మా కోసమే. అమ్మ కూడా కాదనలేని మనిషే, సరేలే నాన్నా అంటుంది, అని ఫోను పెట్టేస్తుంది.

ఇంకా చెప్పలేదు.