ప్రతిదినము రాజు బల్లయొద్ద



దిల్‌సుఖ్‌నగర్ నుండి ఎల్.బి. నగర్ వెళ్లు మెట్రో దారిలో విక్టోరియా మెమోరియల్ అను స్టేషను ఉన్నది. ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాన్ కాలమున వెలసిన అనాథాశ్రమమును బట్టి ఆ పేరు వచ్చెను. నేటి చట్టము ఆశ్రమముకంటె కుటుంబమునే మేలుగా ఎంచుచున్నది. 2015 నాటి బాలల న్యాయ చట్టము క్రింద బాలల సంక్షేమ సమితి, దిక్కులేని బిడ్డను కొంతకాలము పెంపకమునకై ఒక ఇంటికి అప్పగింపవచ్చును.

అట్టి బిడ్డ తలగడ క్రింద రొట్టె దాచినయెడల మనము దొంగతనమందుము. తరచుగా అది దొంగతనము కాదు. రేపు అన్నముండదేమోయను భయము. పిలిచినంతనే ఉలికిపడుటయు ఆ భయమే.

మెఫీబోషెతును తలంచుడి. అయిదేండ్ల వయస్సున, దాది ఎత్తుకొని పారిపోవుచుండగా పడి కుంటివాడాయెను (2 సమూయేలు 4). పెద్దవాడై దావీదు ఎదుట సాగిలపడినప్పుడు, రాజు మొదట భయపడవద్దని చెప్పెను. పిమ్మట ప్రతిదినము తన బల్లయొద్ద చోటిచ్చెను (9వ అధ్యాయము). ఆ 'ప్రతిదినము'లోనే స్వస్థతయున్నది. మనమును వేళకు అన్నము పెట్టుదము, ఏ మార్పునైనను ముందుగా చెప్పుదము, పాత గాయమును తవ్వి అడుగకుందము, కొట్టకుందము.

గ్రంథము ఆ దాదిని నిందింపలేదు. పెంచు తల్లియు అలసిపోవును. ఏలీయా చావు కోరినప్పుడు దేవుడు గద్దింపక, ముందు రొట్టెయు నిద్రయు ఇచ్చెను (1 రాజులు 19). కాబట్టి సంఘస్థులారా, అట్టి ఇంటికి సలహాలు మోసికొనిపోవద్దు. ఒకపూట కూర వండి తీసికొనిపోయి, పని అందుకొని, ఆ తల్లిని నిద్రపోనిండు. ఆపదలోనున్న బిడ్డ కంటబడినయెడల 1098కి ఫోను చేయుడి.

ప్రభువు మన బల్లలను వెడల్పు చేయును గాక. ఆమేన్.