వ్రతమునకు వైద్యము తోడు

త్రాగుడు మానుట ఇష్టలింగధారికి ధర్మము. అయితే మానవలసిన విధము నెరుగకున్న ఆ ధర్మమే ప్రాణాపాయమునకు దారితీయవచ్చును.

ఒంటిమిట్ట వంటి మెట్టసీమ గ్రామములో ఒక గృహస్థుడు గురువు నెదుట విభూతి ధరించి, నేటినుండి మద్యము ముట్టనని ప్రమాణము చేసెననుకొందము. ఇంటిల్లిపాదియు సంతసింతురు. ఏండ్ల తరబడి నిత్యము అధికముగా త్రాగినవాడైనచో మరునాటికే చేతులు వణకును, చెమటలు పట్టును, నిద్ర రాదు. మొదటి 2 దినములలో మూర్ఛలు రావచ్చును. 2 నుండి 4 దినముల నడుమ కొందరికి మతి భ్రమించి, లేని పాములు, పురుగులు కనబడును. అప్పుడు గాలి సోకినదని మంత్రగాని పిలుచుటయు, భక్తి చాలదని నిందించుటయు తగదు.

దీనికి కారణము దేహములోనిదే. మద్యము మెదడును మందగింపజేయును. మెదడు దానికెదురుగా తన ఉద్రేకమును పెంచుకొని నిలుచును. మద్యము హఠాత్తుగా తొలగినంతనే ఆ ఉద్రేకము పగ్గము తెగిన కోడె వలె పరుగిడును. వైద్యులు డయజిపామ్, క్లోర్‌డయజిపాక్సైడ్ వంటి మందులతో దానిని శాంతింపజేసి, కొన్ని దినములలో ఆ మందులను క్రమముగా తగ్గింతురు. మెదడు చెడకుండ థయమిన్ అను బి1 విటమిను నిత్తురు. ఈ మందులను స్వయముగా కొని వాడరాదు.

2020 మార్చిలో లాక్‌డౌను వలన మద్యపు దుకాణములు మూతపడగా, ఇట్టి బాధితులు హైదరాబాదులోని ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు వరుసగా వచ్చిరి. ఆ యేడే జూలై చివర ప్రకాశం జిల్లా కురిచేడులో శానిటైజరు త్రాగి పలువురు మరణించిరి. సీసా దూరమైనంత మాత్రమున వ్యసనము దూరము కాదు.

12వ శతాబ్దమున కల్యాణములో బసవేశ్వరుని శరణసమూహమున కల్లమ్మిన హెండద మారయ్యకును స్థానము లభించెను. పతితుని వెలివేయుట శరణమార్గము కాదు. అంగము నిలిచిననే లింగపూజ నిలుచును. కావున దేహరక్షణమును పూజయే.

ప్రమాణమునకు ముందే వైద్యుని చూపవలెను. ఒంటిమిట్టకు సుమారు 25 కిలోమీటర్ల దూరమున కడపలో ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి గలదు. 14446 అను ఉచిత ఫోను నంబరున సలహా దొరకును. మూర్ఛ వచ్చినను, మతి తప్పినను జాగుచేయక 108 వాహనమును పిలువవలెను. రోగికి తోడుగా ఆసుపత్రికి పోవుట దాసోహము. కోలుకొనినవానికి కాయకమును, సత్సంగమును కల్పించుట మఠము చేయవలసిన సేవ. మరల జారినచో మరల చేయందించుట శరణధర్మము.

శరణు శరణార్థి.