కుడి ఎడమలు

మెల్‌బోర్న్‌లో మా మరిది 1966 నాటి ఫోర్డ్ మస్టాంగ్ కొని బాగుచేయిస్తున్నాడు. స్టీరింగు ఎడమవైపు. అక్కడా మనలాగే రోడ్డుకి ఎడమపక్కన నడుపుతారు. ఫ్యాక్టరీలోనే కుడి స్టీరింగు పెట్టిన మస్టాంగ్ వచ్చింది 2015లో గాని కాదు. దీన్ని మార్పించాలంటే ఇంజనుకీ మనుషులకీ మధ్యనున్న రేకు కోయాలి. "పుట్టిన రూపు చెడగొట్టడం పాపం కాదూ, వదినా?" అంటాడు.

నిజమే. కానీ ముందున్న లారీని దాటాలంటే ఎదురుగా వచ్చేది అతనికి కనబడదు. పక్కన కూర్చున్న మా చెల్లెలు తొంగిచూసి "ఊఁ" అనాలి. ఆ "ఊఁ" తప్పయితే? ముచ్చట అతనిది, భయం దానిది. ఇదేం న్యాయం?

కోసిన రేకు అతికించినా మునుపటిది కాదు, ఒప్పుకున్నాను. అలాగే ఉంచుకో నాయనా! అయితే మారవలసింది నువ్వు. లారీ వెనకాలే నిదానంగా వెళ్ళు. పాతదాన్ని ప్రేమించేవాళ్ళు దాని ఖరీదు తామే చెల్లించుకోవాలి గదా!