పసిబిడ్డ నిద్రలోనే పోతే... కర్మ ఎవరిది?

 

కొన్నేళ్ల కిందట రాజోలు దగ్గర మా బంధువుల ఇంట్లో మూడు నెలల పసివాడు రాత్రి పాలు తాగి పడుకున్నాడు. తెల్లారేసరికి లేడు. జ్వరం లేదు, దగ్గు లేదు. చూడ్డానికొచ్చినవాళ్లలో కొందరు దిష్టి అన్నారు, కొందరు తల్లి మొద్దునిద్ర పోయిందన్నారు. నేను పెద్దవాణ్ణి కదా అని "అంతా కర్మ అమ్మా" అన్నాను. ఆ పిల్ల తలెత్తి, "నేనేం పాపం చేశాను బాబాయ్?" అంది. నా నోట మాట రాలేదు.

ఇంటికొచ్చి భారతం తీశాను. అనుశాసన పర్వంలో భీష్ముడు ధర్మరాజుకు గౌతమి కథ చెబుతాడు. ఆవిడ కొడుకు పాము కరిచి చనిపోతాడు. అర్జునకుడనే బోయవాడు ఆ పామును కట్టి తెచ్చి, చంపుతానంటాడు. దీన్ని చంపితే నా బిడ్డ తిరిగొస్తాడా, వదిలెయ్ అంటుంది గౌతమి. పాము మృత్యువు మీద చెబుతుంది, మృత్యువు కాలుడి మీద చెబుతాడు. చివరికి కాలుడు వచ్చి, మాలో ఎవరిదీ తప్పు కాదు, ఆ బిడ్డ కర్మే కారణం అంటాడు. అప్పుడు గౌతమి, ఇందులో నా కర్మా ఉంది అనుకుంటుంది.

ఎన్నోసార్లు చదివిన కథే. కానీ ఒక సంగతి అప్పుడే గమనించాను. ఆ మాట గౌతమి తనంతట తాను అనుకుంది. "నీ పాపమే తల్లీ" అని కాలుడు కూడా అనలేదు. కర్మ అన్నది ఎవరికి వారు లోపల అనుకోవాల్సిన మాట. ఇంకొకరి మీద వేస్తే అది శాస్త్రం కాదు, నింద.

అలాగని కర్మ అని చేతులు ముడుచుకోకూడదు. ఏడాదిలోపు బిడ్డ నిద్రలో పోయి, పోస్టుమార్టంలోనూ కారణం దొరక్కపోతే డాక్టర్లు దాన్ని సిడ్స్ అంటారు. రెండు నుంచి నాలుగు నెలల వయసులో ఎక్కువ. అమెరికాలో 1994లో పిల్లల్ని వెల్లకిలా పడుకోబెట్టమని ప్రచారం మొదలుపెట్టాక, కొన్నేళ్లలోనే ఈ మరణాలు దాదాపు సగానికి తగ్గాయి. గట్టి పరుపు ఉండాలి, ముఖం దగ్గర దిండ్లూ దుప్పట్లూ ఉండకూడదు, చుట్ట, సిగరెట్ పొగ సోకకూడదు. ఇది మన చేతిలో ఉన్న ధర్మం.

ఇవన్నీ పాటించినా ఒక్కోసారి బిడ్డ దక్కదు. అప్పుడు ఆ తల్లి దగ్గర కూర్చోండి. ఆమె ఏడిస్తే ఏడవనివ్వండి. కారణం మాత్రం చెప్పకండి.

ఏడాది తర్వాత నేను వెళ్లి, "ఆ రోజు తప్పు మాట అన్నానమ్మా" అన్నాను. ఆ పిల్ల చాలాసేపు ఏడ్చి, వాడి పేరు చెప్పింది. అప్పటిదాకా ఆ పేరు నేను అడగనే లేదు.

స్వస్తి.