ముట్టిన పావు

ధ్యానభాగము: కీర్తన 15

రైల్వే పట్టణమైన బిలాస్‌పూర్‌లో 1983లో స్థాపింపబడిన గురు ఘాసీదాస్ విశ్వవిద్యాలయము కలదు. అట్టి చోట ఇద్దరు విద్యార్థులు చదరంగపు పోటీకి కూర్చుండిరనుకొనుడి. ఆడదలచి ముట్టిన పావును కదపియే తీరవలెనన్నది పోటీ నియమము. ఒకడు గుర్రమును ముట్టెను. కదపినచో మంత్రిని కోల్పోవుదునని అంతలో గ్రహించెను. ప్రత్యర్థి తలవంచి ఎత్తులు వ్రాసికొనుచున్నాడు. ఎవరును చూడలేదు. చేయి వెనుకకు తీయునా?

ప్రియ చదువరీ, తనకే హాని కలిగినను మాట మార్చనివాడు దేవుని సన్నిధిని నిలుచునని కీర్తనకారుడు బోధించుచున్నాడు. సిగ్నలును నమ్మియే డ్రైవరు చీకటిలో బండి నడుపును. అట్లే నీ మాటను నమ్మి నడచువారున్నారు. ఒప్పుకొన్న అప్పు, కుదుర్చుకొన్న సంబంధము నేడు భారమైనవా? ముట్టితివి; కదపుము.

ప్రార్థన: ప్రభువా, ఎవరును చూడని వేళ మాట నిలుపుకొను బలమిమ్ము. ఆమేన్.