ఇన్‌స్పెక్టరు రాని రోజు

రాజమండ్రిలో పుట్టి పెరిగినవాణ్ణి. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులైతే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 అయితే రెండవది, 17.75 అయితే మూడవది. 1986 ఆగస్టు వరద చూసినవాడికి ఈ అంకెలు ఎవరూ నేర్పనక్కర్లేదు.

నా కంటికీ ఓ నీటి లెక్క ఉంది. నా జబ్బును మనవాళ్ళు నీటికాసులంటారు, డాక్టర్లు గ్లకోమా అంటారు. కంటిలోపలి నీరు సరిగా బయటికి పోక ఒత్తిడి పెరిగి, చూపునరం దెబ్బతింటుంది. నాకు నొప్పీ లేదు, మంటా లేదు. పోయిన చూపు మాత్రం తిరిగి రాదు. మామూలుగా ఆ ఒత్తిడి 10 నుంచి 21 లోపు ఉండాలి.

మూడు నెలలకోసారి చూపించుకుంటే ఎప్పుడూ 16, 17. "భేష్ మాస్టారూ!" అనేవారు డాక్టరుగారు. నేనూ మీసం దువ్వుకునేవాణ్ణి.

అమెరికా నుంచి మా అమ్మాయి ఇంట్లోనే కొలుచుకునే యంత్రం పంపింది. ఫిన్లాండు వాళ్ళ తయారీ. మత్తుచుక్కలు అక్కర్లేదు. సన్నని మొన ఒకటి రెప్పపాటులో కంటిని తాకి వెనక్కి వస్తుంది. వచ్చిన తీరునుబట్టి ఒత్తిడి లెక్క తేలుతుంది. ఒత్తిడి రోజంతా ఒక్కలా ఉండదు, చాలామందికి తెల్లవారుజామున ఎక్కువ. ఆ వేళకే లేచి చూసుకున్నాను. 27!

దొంగ దొరికాడు. ఆసుపత్రికి వెళ్ళే వారమే నేను చుక్కలు క్రమంగా వేసుకునేది. ఇన్‌స్పెక్టరు వస్తున్నాడంటే బడికి సున్నం కొట్టించినట్టు! 30 ఏళ్ళు పంతులుగా ఆ సున్నాన్ని వెక్కిరించినవాణ్ణి నేనే.

అంకెలు రాసి డాక్టరుగారి చేతిలో పెట్టి ఊరుకుందామనుకున్నాను. అబద్ధమాడినట్టు కాదు కదా? కాని ఆయన మందు చాలడం లేదనుకుని ఇంకో మందు కలుపుతారు, లేదా ఆపరేషనంటారు. చూశారా, నిజమైన అంకెతో కూడా మనిషిని మోసం చెయ్యొచ్చు.

ఇంతలో కొత్త పిచ్చి పట్టుకుంది, గంటకోసారి కొలుచుకోవడం. మా ఆవిడ చూసి చూసి, "ఏవండీ, ధవళేశ్వరంలో నీళ్ళెన్ని అడుగులున్నాయో చెప్పేవాడుంటే సరిపోతుందా? గట్టుమీద ఇసక బస్తాలు వేసేవాడు ఉండొద్దూ?" అంది.

యంత్రం అంకె చెబుతుంది. కారణం నేనే చెప్పాలి. వెళ్ళి చెప్పాను. డాక్టరుగారు కోప్పడలేదు. "మందు తర్వాత మారుద్దాం మాస్టారూ, ముందు ఉన్నది వేసుకోండి" అన్నారు.

ఇప్పుడు యంత్రం బీరువాలో ఉంది. ఆయన చెప్పిన రోజుల్లోనే బయటికి తీస్తాను. చుక్కల సీసా మాత్రం దేవుడిగూటి పక్కన, రోజూ కంటపడేచోట పెట్టుకున్నాను.